ముప్ఫై ఒకటో ప్రశ్నకు జవాబు

ముందుగా ఆ గది వాసన గురించి చెప్పాలి. సైకిళ్ళ షాపు పైన, ఇనుప మెట్లెక్కి వెళితే వచ్చే రేడియో క్లబ్బు గది అది. తెరిస్తే రోడ్డు రొదకు పాఠం వినబడదని కిటికీలు ఏళ్ళ తరబడి మూసే ఉంచారు. తాగి వదిలేసిన టీ కప్పుల అడుగున బూజు పేరుకుని ఉండేది. మేకుకు తగిలించిన హెడ్‌ఫోన్ల స్పాంజీ ఎందరి తలనూనెలోనో నానీ నానీ నల్లబడి, ముట్టుకుంటే వేళ్ళకు అంటుకునేది. క్లబ్బు ప్రతిష్ఠకు గుర్తుగా బల్ల మీద పెట్టిన పెద్ద సెట్టును కదిపి ఎన్నాళ్ళయిందో, దాని మీది దుమ్ములో ఎవరో వేలితో కూడికలు వేసుకున్నారు. ఆ గదిలో వారానికి రెండు సాయంత్రాలు పద్దెనిమిది మంది పెద్దవాళ్ళు కూర్చుని, "ఒకటి బీ, రెండు ఏ, మూడు డీ, నాలుగు ఏ" అంటూ ఎక్కాలు అప్పజెప్పినట్టు వల్లిస్తూ ఉండేవారు. ప్రశ్న ఏమిటో ఎవరూ చదవరు. అంకె, అక్షరం, మళ్ళీ అంకె, అక్షరం. మొదటిసారి మెట్ల మీద నిలబడి అది విన్నప్పుడు ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకున్నాను. వాసన వల్లేననుకుని కిందికి దిగాను. రోడ్డు మీద చల్లగాలిలోనూ రుమాలు తీయబుద్ధి కాలేదు.

నేనక్కడికి వెళ్ళింది ఒకావిడ కోసం. ఆవిడది మా వీధి చివర మోటార్ల వైండింగ్ షాపు. కాలిపోయిన ఫ్యాన్లూ, మిక్సీలూ, నీళ్ళ పంపులూ విప్పి, మాడిన తీగ తీసి పారేసి, కొత్త రాగి తీగ చుట్టి ఇస్తుంది. ఊరంతా ఆవిడను తీగక్క అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. వయసు నలభై ఆరు. పదో తరగతితో చదువు ఆపి పెదనాన్న దగ్గర పని నేర్చుకుంది. చుట్లు లెక్కపెడుతున్నంతసేపూ పెదవులు కదుపుతూ ఉంటుంది. ఆ సమయంలో పలకరిస్తే లెక్క పోతుంది గనుక, ఆవిడ చూపుడువేలు పైకెత్తేదాకా గిరాకీలందరూ గుమ్మం బయట నోరు మూసుకుని నిలబడతారు. ఒకసారి మా వీధి పోలీసాయన కూడా అలాగే నిలబడటం చూశాను.

నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి. మా ఇంటి పంపు వైండింగుకు ఇచ్చిన రోజున ఆవిడ నన్నొక పుస్తకం చూపించి అడిగింది.

"బాబాయిగారూ, ఇందులో కెపాసిటర్ కెపాసిటర్ అని పేజీకి పదిసార్లు రాశాడు. అదేం వస్తువండీ?"

"నీ చేతిలో ఉన్నదేనమ్మా."

ఆవిడ చేతిలో ఫ్యాను కండెన్సరుంది, పేర్లు రెండైనా వస్తువు ఒకటే. దాన్నీ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసి, "ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!" అంది.

అలా మొదలైంది. ఆ పుస్తకం హామ్ రేడియో పరీక్షది. సొంతంగా రేడియో సెట్టు పెట్టుకుని, సరదాకు, ఊళ్ళు దాటి, దేశాలు దాటి ఇతరులతో మాట్లాడే వ్యాపకం అది. వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గాని, గాలిలోకి ఒక్క మాట పంపాలన్నా లైసెన్సు కావాలి. అందులో మొదటి మెట్టు లైసెన్సుకు రాసే పరీక్ష రెండు భాగాలు: ఒకటి విద్యుత్తు, రేడియో సంగతులు, రెండోది నిబంధనలు, భద్రత. ఒక్కో భాగానికి యాభై ప్రశ్నలు, ఇరవై ఐదు వస్తే పాసు. ఏ ఒక్కటి తప్పినా మొత్తం తప్పినట్టే. మా ఊళ్ళో ఏడాదికి ఒక్కసారే పెడతారు.

తీగక్కకు ఆ పిచ్చి పట్టడానికి కారణం, ఎవరో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించని ఒక పాత రిసీవరు. బాగు చేసి, పనిచేస్తోందో లేదో చూద్దామని పెట్టింది. ఎవరో ఇద్దరు ముక్కూ మొహం తెలియని మనుషులు, ఒకరు తమ మేడ మీది ఏరియల్ గురించి, ఇంకొకరు తమ మోకాలి నొప్పి గురించి తీరుబడిగా చెప్పుకుంటున్నారు. ఆ రోజు నుంచి ఆవిడ చెవి దానికే అతుక్కుపోయింది. తర్వాత మూడేళ్ళపాటు, పాత సెట్ల నుంచి ఒక్కో ముక్కా పోగేసి, ప్లాస్టిక్ గొట్టం ముక్క మీద కాయిళ్ళు స్వయంగా చుట్టి, మాట పంపే చిన్న సెట్టు తయారు చేసింది. పనిచేస్తుందని ఆవిడకు నమ్మకం. కానీ ఏరియల్ తగిలించి మైకు బటన్ ఒక్కసారైనా నొక్కలేదు. లైసెన్సు లేదు కదా. పొరపాటున కూడా ఎవరూ నొక్కకుండా మైకు వైరు ఊడదీసి బీరువాలో పెట్టింది.

ఆవిడ భర్త బస్సు డ్రైవరు, హాస్యప్రియుడు. "అందరి పెళ్ళాలూ నోరు మూసుకోమంటే మూసుకోరు. మా ఆవిడ నోరు తెరవడానికి గవర్నమెంటు పర్మిషన్ కోసం చూస్తోంది, బాబాయిగారూ," అనేవాడు.

"నువ్వు లైసెన్సు లేకుండా బస్సు తోలావా?" అనేది ఆవిడ.

"తోలానే. ఆరు నెలలు."

"అందుకే ఆ గేర్ల చప్పుడు."

క్లబ్బులో చేరకుండా పరీక్షకు కట్టనివ్వరు. క్లబ్బు నడిపేది కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే లెక్చరరు. పరీక్షకు గైడు రాసింది ఆయనే గనుక గైడు మాస్టారని పేరు. ఆ గైడులోని ప్రశ్నలే పరీక్షలోనూ అదే వరసలో వస్తాయి. ఆయన విషయంలో న్యాయంగా చెప్పాలంటే, ఆ క్లబ్బును పాతికేళ్ళ క్రితం తన చేతులతో నిలబెట్టాడు. ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా పాఠం చెప్పాడు. తొలి రోజుల్లో ఆయన శిష్యులు నిజంగానే సెట్లు కట్టారని నాకు తెలుసు. ఎక్కడో దారి తప్పింది. గోడ మీద "నూటికి నూరు" అని ఒక బోర్డు వెలసింది, కింద ఏ ఏడాది ఎందరు పాసయ్యారో వరసగా రాస్తూ వచ్చారు. ఆ వరస తెగకూడదన్న పట్టుదలే ఆయనకు చదువై కూర్చుంది.

తీగక్క మొదటి వారమే లేచి అడిగింది. "మాస్టారూ, పన్నెండో ప్రశ్నకు జవాబు సీ ఎందుకైందండీ?"

"అర్థం తర్వాతమ్మా. ముందు అక్షరం."

"అర్థమైతే అక్షరం నేనే చెప్తాను కదండీ."

"అలా చెప్పినవాళ్ళెవరూ పాసవలేదు," అన్నాడాయన. మిగతా పదిహేడు మందీ నవ్వారు. వాళ్ళలో మందుల షాపతను ఒకడు, సౌమ్యుడు. ఆయన వెనక్కి తిరిగి, "అక్కా, సింపుల్. నాలుగింట్లో ఏది పొడుగ్గా ఉంటే అది పెట్టెయ్యండి. సగానికి సగం తగుల్తుంది," అని ఉపాయం చెప్పాడు. ఆవిడ ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, చేతులు కడుక్కోవడానికి సబ్బు అడిగింది. హెడ్‌ఫోన్లు ముట్టుకున్నావా అన్నాను. "ముట్టుకోలేదు. అయినా కడుక్కోవాలనిపించింది," అంది.

నేను చెప్పగలిగింది చెప్పాను. నా చదువంతా ఇంగ్లీషులో సాగింది. ఆవిడ అడిగిన చిన్న ప్రశ్నలకు తెలుగులో జవాబు వెతుక్కోవడంలో, నాకే సగం సంగతులు సరిగా తెలియవని బయటపడింది. మొదటి భాగం ఆవిడకు నీళ్ళు తాగినంత తేలిక. రెండో భాగమే కొరుకుడు పడలేదు. ఏ నిబంధనలో ఎన్ని రోజుల గడువు, ఏ తరగతికి ఏ హద్దు అన్నవి ఆవిడ తలలో నిలిచేవి కావు. వెయ్యి చుట్లు తప్పు లేకుండా లెక్కపెట్టే మనిషి, పద్నాలుగు రోజులో ముప్ఫై రోజులో గుర్తుండక జుట్టు పీక్కునేది.

ఆ రెండో భాగంలోనే ముప్ఫై ఒకటో ప్రశ్న ఉంది. పవర్ సప్లై పెట్టెను బాగు చేయాలంటే ప్లగ్గు పీకిన తర్వాత ఏం చేయాలి? ఏ: వెంటనే మూత విప్పి పని మొదలుపెట్టవచ్చు. బీ: లోపలి కెపాసిటర్లలో నిలవ ఉన్న విద్యుత్తును ఖాళీ చేసి, మీటరుతో సరిచూసుకోవాలి. సీ, డీలు చెప్పనక్కర్లేదు. పుస్తకం వెనక ఉన్న జవాబుల పట్టీలో ముప్ఫై ఒకటికి ఎదురుగా 'ఏ' అని అచ్చయింది.

కండెన్సరు కరెంటును దాచుకుంటుంది. ప్లగ్గు పీకినా అది గంటల కొద్దీ లోపలే కాచుకుని ఉంటుంది. తీగక్క పెదనాన్నకు ఎడమచేతి వేళ్ళు రెండు వంకరపోయింది అలా ముట్టుకునే. అటువంటి పెట్టె ఏది విప్పినా, ఆవిడ ముందుగా రెండు బల్బులు వరసగా కలిపిన తీగలు దాని కొసలకు ఆనిస్తుంది. బల్బులు ఒక్కసారి వెలిగి ఆరిపోతే లోపలిది ఖాళీ అయినట్టు. తర్వాత మీటరు పెట్టి చూసిగాని చెయ్యి పెట్టదు.

క్లాసులో లేచి చెప్పింది. "మాస్టారూ, ఇది అచ్చు తప్పండీ. ఇలా చేస్తే మనిషి పోతాడు."

గైడు మాస్టారు పుస్తకం తెరవనైనా తెరవలేదు. "నాలుగేళ్ళుగా అందరూ ఏ పెట్టి పాసవుతున్నారమ్మా. పరీక్షలో ఏ పెట్టండి. ఇంటికెళ్ళి మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి."

ఆ మాట విన్న పదిహేడు మందిలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. ముప్ఫై రెండు సీ, ముప్ఫై మూడు బీ అని పాఠం ముందుకు సాగిపోయింది.

పరీక్షలో ఆవిడ బీ పెట్టింది. నెల తర్వాత ఫలితాలు వచ్చాయి. మొదటి భాగంలో నలభై ఎనిమిది. ఆ గదిలో పాతికేళ్ళుగా అన్ని మార్కులు ఎవరికీ రాలేదట. రెండో భాగంలో ఇరవై నాలుగు. మిగతా పదిహేడు మందీ పాసు. బోర్డు మీద ఆ ఏడాదికి "పద్దెనిమిదికి పదిహేడు" అని రాయలేక, ఆవిడ పేరు ఆ ఏటి అభ్యర్థుల జాబితాలోంచే కొట్టేసి "పదిహేడుకు పదిహేడు" అని రాశారు. ఆ తెల్ల రంగు ఇంకా తడిగా ఉండగా నేను కళ్ళారా చూశాను.

నాకు కోపం వచ్చింది. కానీ కోపం సాక్ష్యం కాదు. ఆ గైడు పాత ముద్రణలు మూడూ సంపాదించి, బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటి మూడింటిలోనూ ప్రశ్న సరిగానే ఉంది, జవాబూ సరిగానే ఉంది. అక్కడ ఖాళీ చేయాలన్నది ఏ, మూత విప్పవచ్చన్నది బీ. నాలుగో ముద్రణలో ఆ రెండూ చోట్లు మారాయి. పట్టీ మాత్రం మారలేదు. ఎందుకు మారాయన్నది పరీక్ష నిర్వహించే ఆఫీసులో తెలిసింది. అక్కడి అధికారి మర్యాదస్తుడు, ఫైలు తెప్పించి చూపించాడు. అభ్యర్థులు అక్షరాలు బట్టీ పడుతున్నారు గనుక జవాబుల వరస అప్పుడప్పుడూ మార్చమని ఆఫీసే గైడు మాస్టారుకు ఉత్తరం రాసింది. ఆయన కొన్ని ప్రశ్నలకు వరస మార్చాడు, పట్టీ దిద్దాడు. ఈ ఒక్క ప్రశ్నకు దిద్దడం మరిచాడు. ఆ పట్టీనే ఆఫీసుకు పంపాడు. ఆఫీసు దానితోనే దిద్దింది. బట్టీని ఆపడానికి చేసిన మార్పును నాలుగేళ్ళుగా బట్టీ పట్టారు. అందులో ఉన్న అబద్ధాన్ని ఒక్కడూ పట్టుకోలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నను ఒక్కడూ చదవలేదు.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నాకు అసహ్యం వేసింది ఆ తర్వాత జరిగినదానికి.

అధికారి గైడు మాస్టారునీ తీగక్కనూ కూడా ఆఫీసుకు పిలిపించాడు. నేను పుస్తకాలు నాలుగూ ముందు పెట్టగానే గైడు మాస్టారి ముఖం మాడింది. వాటిని పక్కకు నెట్టి, తీగక్కతో అన్నాడు. "చూడమ్మా, నీకు కావలసింది ఒక్క మార్కు. దయామార్కు అని ఒకటుంది. నేను సిఫారసు రాస్తా, సార్ కలిపేస్తారు, నువ్వు పాసు. ఈ పట్టీ గోల మనకెందుకు?"

"పట్టీ దిద్దుతారా మాస్టారూ?"

"దిద్దితే నలుగురు పోతారమ్మా. సరిగ్గా ఇరవై ఐదు మీద గట్టెక్కిన వాళ్ళు నలుగురున్నారు. వాళ్ళ ఉసురు నీకెందుకు? పైగా అందరికీ ఒకే తప్పు చెప్పాం, అందరినీ ఒకే తప్పుతో దిద్దాం. అన్యాయం ఎవరికి జరిగింది చెప్పు?"

ఈ చివరి వాదనను నేను నిజాయితీగా తూచి చూశాను. పోటీ పరీక్షలో అయితే దానికి కొంత బరువు ఉండేది. ఇది పోటీ కాదు. తన ప్రాణమూ పక్కవాడి ప్రాణమూ తీయకుండా సెట్టు వాడగలడా లేదా అని చూసే పరీక్ష. అందరికీ సమానంగా విషం వడ్డించాం గనుక వంటవాడి తప్పు లేదన్నట్టుంది.

అధికారి మరో సంగతి చెప్పాడు. జవాబు తప్పని ఫిర్యాదు చేసే హక్కు ఫెయిలైన అభ్యర్థికే ఉంది. దయామార్కు తీసుకుంటే ఆవిడ పాసైనట్టు. పాసైనవాళ్ళ ఫిర్యాదు చెల్లదు. ఫిర్యాదు పెడితే విచారణ తేలేదాకా ఫెయిలే. దయామార్కు కాగితం మీద సంతకానికి వారం గడువిచ్చాడు.

ఆవిడ ఆ కాగితం ఇంటికి తెచ్చింది. నాలుగు రోజులు షాపులో బల్ల మీదే ఉంది. సంతకం చోటు తప్ప అన్నీ నింపింది. నేను ఏమీ చెప్పలేదు. మూడేళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషికి, నువ్వింకో ఏడాది కూర్చో అని చెప్పడానికి నేనెవర్ని?

భర్త మాత్రం తేల్చి చెప్పాడు. "పెట్టెయ్యి సంతకం. ఊరందరి కండెన్సర్లూ నువ్వే ఖాళీ చెయ్యాలా? వాళ్ళు పట్టుకుంటారు, షాక్ కొడుతుంది, తర్వాత వాళ్ళే నేర్చుకుంటారు."

"నేర్చుకోవడానికి మిగిలితే కదా."

"అబ్బ, అందరూ పోతారా ఏంటి?"

"ఎందరు పోతే సంతకం పెట్టకూడదో చెప్పు మరి," అంది. ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ కాగితం ఎగిరిపోకుండా దాని మీద మోటారు ముక్క పెట్టి వెళ్ళాడు. సంతకం పెట్టమనో, పెట్టొద్దనో, ఆ మనిషి మనసు నాకు అర్థం కాలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం మందుల షాపతను స్కూటరు మీద వచ్చాడు. నేనక్కడే కూర్చుని ఉన్నాను. ఆవిడ ఫ్యాను చుడుతోంది, వేలెత్తేదాకా ఆగాడు.

"అక్కా, ఆ నలుగుర్లో నేనొకణ్ణి," అన్నాడు. "ఇంట్లో వాళ్ళందరికీ చెప్పేసుకున్నాను. మా మామగారు స్వీట్లు కూడా పంచారు. ఇప్పుడు ఫెయిలంటే తలెక్కడ పెట్టుకోను? మీకెలాగూ దయామార్కు వస్తుందిగా. వదిలెయ్యండక్కా."

ఆవిడ తీగ కొస పంటితో పట్టుకుని ముడేసుకుంటోంది.

"మరో చిన్న సాయం కూడానక్కా. పాత వాల్వు సెట్టొకటి కొన్నాను. దాని పవర్ సప్లై గుయ్యిమంటోంది. పొద్దున ఆన్ చేసి చూసి, ప్లగ్గు పీకేసి మూత తీశాను. వేలు పెట్టబోయానా, భుజం దాకా లాగేసింది! ఎర్తింగ్ సరిగా లేదనుకుంటా. ఒకసారి చూడండి. తెచ్చాను."

ఆవిడ పంటి కింది తీగ జారిపోయింది. "ప్లగ్గు పీకి వెంటనే మూత తీశారా?"

"ఆఁ. బుక్కులో అంతేగా. ముప్ఫై ఒకటి, ఏ."

ఆ మనిషి ఆ మాట ఎంతో అమాయకంగా అన్నాడు. ఆవిడ లేచి, పెట్టెను స్కూటరు మీద నుంచి తనే దించింది. ఆయన్ని రెండడుగులు వెనక్కి జరగమంది. కుడిచేత్తో బల్బుల తీగలు ఆనించింది. ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుంది. పొద్దున పీకిన ప్లగ్గు గాలిలో వేలాడుతుండగా, మధ్యాహ్నం మూడింటికి రెండు బల్బులూ భగ్గున వెలిగి ఆరాయి.

మందుల షాపతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ప్లగ్గు... పీకే ఉంది కదా?"

"పీకే ఉంది."

"అయితే పొద్దున..."

"పొద్దున మీరు బతికారు. వేలు ఒక్కటే తగిలింది గనుక. రెండో చెయ్యి ఇనుప పెట్టె మీదుంటే స్వీట్లు పంచిన మీ మామగారే ఇప్పుడు మీ పాడె మోసేవారు."

 ఆవిడ మంచినీళ్ళిచ్చింది. తాగాడు. కాసేపటికి తేరుకుని, పెట్టె అక్కడే వదిలేసి స్కూటరెక్కుతూ గొంతు తగ్గించి అన్నాడు. "మీరు ఫిర్యాదు రాయాల్సిందేనక్కా. ఇది చాలా అన్యాయం. కాకపోతే... అందులో నా సంగతి మాత్రం రాయకండేం?"

ఆయన వెళ్ళాక ఆవిడ వాకిట్లోకి వెళ్ళి ఉమ్మింది. ఆ ఉమ్మిలో ఆయనే కాదు, మేమందరం ఉన్నామనిపించింది నాకు. నాలుగు రోజులు గౌరవంగా మౌనం పాటించిన నేనూ ఉన్నాను. లోపలికొచ్చి ఆవిడ దయామార్కు కాగితాన్ని నిలువునా చింపి, ఖాళీగా ఉన్న వెనకవైపు ఫిర్యాదు చిత్తుప్రతి రాయడం మొదలుపెట్టింది. మందుల షాపతని పేరు రాయలేదు. "మా ఊళ్ళో ఒకరికి" అని మాత్రం రాసింది.

విచారణ తొమ్మిది నెలలు నడిచింది. ఆ తొమ్మిది నెలల్లో క్లబ్బులో ఆవిడ గురించి ఏమేం అనుకున్నారో రాస్తే ఈ కాగితం మైలపడుతుంది. ఒక్క ముక్క చాలు: ఫెయిలైన కడుపుమంటతో పదిహేడు మంది లైసెన్సుల మీద పడిందని గైడు మాస్టారు నా ముందే అన్నాడు. దయామార్కు వద్దన్న మనిషికి కడుపుమంట ఏమిటని అడిగాను. "అది ఇంకా పెద్ద కడుపుమంట సార్," అన్నాడు. 

చివరికి ఉత్తరం వచ్చింది, రెండే వాక్యాలు. ముప్ఫై ఒకటో ప్రశ్నకు జవాబు బీగా సవరించడమైనది. ఇప్పటికే ప్రకటించిన ఫలితాలలో ఎట్టి మార్పూ ఉండదు.

అంటే ఏ పెట్టినవాళ్ళు పాసయ్యే ఉంటారు. బీ పెట్టిన ఆవిడ ఫెయిలయ్యే ఉంటుంది. నేను ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను.  అధికారికి ఫోను చేస్తే ఇబ్బందిగా దగ్గి, "పాత ఫలితాలు కదిపితే కోర్టుకెళ్తారండీ" అన్నాడు. ఆయన వైపు నుంచి చూస్తే అదీ నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన శుభ్రమైపోదు. రెండు నెలలకు గైడు అయిదో ముద్రణ వచ్చింది. అట్ట మీద "నిపుణుల పర్యవేక్షణలో సమూలంగా సవరించినది" అని ఉంది. ఆ నిపుణులెవరో లోపల ఎక్కడా లేదు.

తీగక్క ఉత్తరం చదివి, మడిచి, రసీదుల చువ్వకు గుచ్చింది. "దిద్దారుగా," అంది.

"నిన్ను పాస్ చెయ్యలేదు కదమ్మా."

"అదడగలేదు కదా బాబాయిగారూ నేను. నిబంధనలు నాకు రాలేదు. అది మాత్రం నా తప్పే."

విచారణ మొదలైనప్పటి నుంచీ ఆ ఏడాదంతా నిబంధనలు చదివింది. చుట్లు లెక్కపెట్టినట్టే, పెదవులు కదుపుతూ, ఒక్కో నిబంధన ఎందుకు పెట్టారో నన్ను నిలదీస్తూ చదివింది. ఎందుకో తెలిశాక రోజుల గడువులు కూడా తలలో నిలబడ్డాయి. రెండోసారి పరీక్షలో ఆ భాగంలో నలభై ఒకటి వచ్చాయి. అభినందనలు చెప్పడానికి క్లబ్బు నుంచి ఎవరూ రాలేదు. బోర్డు మీద మాత్రం ఆవిణ్ణి లెక్కలో కలుపుకున్నారు.

లైసెన్సు కాగితం ఒక మధ్యాహ్నం పోస్టులో వచ్చింది. అందులో ఆవిడకంటూ కేటాయించిన పిలుపు గుర్తు ఉంది, కొన్ని అక్షరాలూ ఒక అంకే. గాలిలో ఇక అదే ఆవిడ పేరు. కబురందుకుని నేను వెళ్ళేసరికి మైకు వైరు అతికించి ఉంది. డ్రైవరుకు ఆ రోజు సెలవు. కుర్చీ తిరగేసి కూర్చున్నాడు. ఆవిడ ఏరియల్ తీగను మీటరుతో చూసింది. అయిదు నిమిషాలు వింది. బటన్ నొక్కి, ఆ ఫ్రీక్వెన్సీ మీద ఇంకెవరైనా మాట్లాడుతున్నారా అని అడిగింది. ఎవరూ లేరు. అప్పుడు మళ్ళీ బటన్ నొక్కి, తన పిలుపు గుర్తు మూడుసార్లు చెప్పి, ఎవరైనా వింటుంటే పలకమంది. 

రెండుసార్లు ఎవరూ పలకలేదు. మూడోసారి గరగరల మధ్య నుంచి ఒక మగగొంతు హుషారుగా వచ్చింది.

"ఫైవ్ నైన్, మేడమ్, ఫైవ్ నైన్! బ్రహ్మాండంగా వస్తున్నారు! మీ పిలుపు గుర్తు మళ్ళీ చెప్పండి, తెలియలేదు... పేరు కూడా చెప్పండి, అదీ తెలియలేదు... ఓవర్."

మాట ఎంత స్పష్టంగా ఉందో చెప్పడానికి మొదటి అంకె, అయిదుకు. ఎంత బలంగా ఉందో చెప్పడానికి రెండో అంకె, తొమ్మిదికి. అయిదూ తొమ్మిదీ అంటే ఇంతకు మించి లేదని. హామ్ వాళ్ళలో ఇదొక వెగటు మర్యాద: వినపడినా వినపడకపోయినా అందరికీ ఫైవ్ నైన్ ఇచ్చేస్తారు.

డ్రైవరు చప్పట్లు కొట్టాడు. "ఫస్టు క్లాసు! చూశావా!"

తీగక్క ముఖం విరిగిన పాలు తాగినట్టయింది. బటన్ నొక్కి, ఒక్కో మాటా విడివిడిగా, రెండేసి సార్లు చెప్పింది. "అయ్యా, నా మాట తెలియకపోతే తెలియలేదనే చెప్పండి. ఈ సెట్టు నేను చేసుకున్నది. ఎంతవరకూ పనిచేస్తోందో నాకు తెలియాలి. మీకు వినపడిందే చెప్పండి. ఓవర్."

గరగర. చాలాసేపు గరగర. పోయాడనుకున్నాం. తర్వాత అదే గొంతు, ఈసారి హుషారు తీసేసి, మామూలు మనిషిలా వచ్చింది.

"క్షమించండమ్మా. అలవాటు మీద అనేశాను. మూడు, రెండు. సగం మాటలు ఊహించుకోవాల్సి వస్తోంది. సిగ్నలు బాగా నీరసంగా ఉంది. గొంతులో బొంగురు మాత్రం లేదు. ఓవర్."

ఆవిడ ఆయనకు ధన్యవాదాలు చెప్పింది. కొత్త లాగ్ పుస్తకం తెరిచి మొదటి వరసలో తేదీ, సమయం, ఆయన పిలుపు గుర్తు రాసి, వాటి పక్కన మూడు, రెండు అని రాసింది.

"ఏమే, ఫైవ్ నైన్ ఇచ్చినవాణ్ణి బతిమాలి మూడూ రెండుకి దింపించుకున్నావా?" అన్నాడు డ్రైవరు.

"ఫైవ్ నైన్ అయితే ఇక చేసేదేముంది?" అంటూ ఆవిడ లేచి, గోడకానించిన నిచ్చెన భుజానికెత్తుకుంది. "ఏరియల్ కిందికి వేలాడుతోంది. ఇంకో రెండు గజాలు పైకి కట్టాలి. మేడ మీదికి రా, నిచ్చెన పట్టుకుందువుగాని."